ఇంజనీరింగు విద్యార్థి, అతని ప్రాజెక్టు పని



ఛత్తీస్‌గఢ్ రాజధాని రాయపూర్‌కు తూర్పుగా సుమారు 36 కిలోమీటర్ల దూరాన, మహానదికి చేరువలో, ఆరంగ్ అనే ప్రాచీన పట్టణం ఉన్నది. విజయనగరం నుండి పార్వతీపురం, రాయగడ, టిట్లాగఢ్‌ల మీదుగా రాయపూర్ చేరే రైలు మార్గం 1931లో పూర్తి అయినది. ఆ మార్గాన ప్రయాణించే తెలుగువారు మహాసముంద్ దాటిన తరువాత ‘ఆరంగ్ మహానది’ అనే చిన్న స్టేషనును కిటికీలో నుండి చూచి ఉంటారు. ఊరిలో భాండ దేవళ్ అని పిలువబడే జైనాలయం ఉన్నది; ఆ రాతి శిఖరాన్ని 11వ శతాబ్ది ప్రాంతానికి చెందినదిగా భావిస్తారు. మోరధ్వజ మహారాజు కథ కూడ ఈ ఊరిదే. జైమిని భారతం చదివిన తెలుగు పాఠకులకు ఆయన మయూరధ్వజునిగా పరిచితుడు. అతిథిగా వచ్చిన శ్రీకృష్ణుని కోరిక తీర్చడానికి కన్నకుమారునే ఱంపంతో కోయ సిద్ధపడినాడనీ, ఱంపాన్ని హిందీలో ‘ఆరా’ అంటారు గనుక ఊరికి ఆరంగ్ అన్న పేరు వచ్చినదనీ స్థానికులు చెబుతారు.

అయితే ఈ ప్రసంగం ఆలయాలను గురించి కాదు. ఆ ఊరి వరిపొలాల నడుమ పెరిగి, రాయపూర్‌లోనో భిలాయిలోనో ఎలక్ట్రానిక్స్ ఇంజనీరింగు చదివే యువకుడు, విశ్వవిద్యాలయం విధించిన ప్రాజెక్టులను తన చేతులతో నిర్మించేటప్పుడు ఏమి నేర్చుకొంటాడు అన్నదే ఇక్కడ విషయం.

రాయపూర్‌లో సాంకేతిక విద్య నిన్న మొన్నటిది కాదు. 1956 సెప్టెంబరు 14న రాష్ట్రపతి బాబూ రాజేంద్రప్రసాద్ అక్కడ గనుల, లోహశాస్త్ర కళాశాలకు శంకుస్థాపన చేసినారు. 1963 మార్చి 14న ప్రధాని జవాహర్‌లాల్ నెహ్రూ దానిని ప్రారంభించినారు. ఆ కళాశాలయే 2005లో జాతీయ సాంకేతిక సంస్థ అయినది. ఇట్టి జాతీయ సంస్థలలో సగం స్థానాలు స్వరాష్ట్రం వారికి, తక్కిన సగం ఇతర రాష్ట్రాల వారికి కేటాయించడం నియమం. ఒకే బల్లకు అటు ఆరంగ్ కుర్రవాడు, ఇటు శ్రీకాకుళం కుర్రవాడు కూర్చొనే అవకాశం ఆ నియమంలోనే ఉన్నది. రాష్ట్రంలోని ఇతర ఇంజనీరింగు కళాశాలల కోసం, 2004 నాటి చట్టంతో, భిలాయి కేంద్రంగా స్వామి వివేకానంద సాంకేతిక విశ్వవిద్యాలయం ఏర్పడినది. ఉక్కు కర్మాగారంలో పనికి వచ్చి భిలాయిలో స్థిరపడిన తెలుగు కుటుంబాల పిల్లలు కూడ ఈ తరగతి గదులలో కనిపిస్తారు.

ఇట్టి విద్యార్థి నొకనిని మీరు మనసులో నిలుపుకొనండి. అతనికి పేరు అక్కరలేదు. అతడు ఏ ఒక్కడూ కాడు. కాని అతని బల్లపై జరిగేవన్నీ దేశంలోని ఎలక్ట్రానిక్స్ ప్రయోగశాలలలో ఏటేటా జరిగేవే. ఇంటిలో అతని మాట ఛత్తీస్‌గఢీ, బడిలో హిందీ, కళాశాలలో పాఠ్యగ్రంథాలు ఇంగ్లీషువి. పన్నెండవ తరగతి వరకు అతడు విద్యుత్తును సమీకరణాలలో మాత్రమే చూచినాడు. నల్లబల్లపై గీసిన బ్యాటరీ ఎన్నడూ అయిపోదు. గీసిన తీగ ఎన్నడూ తెగదు.

అతనికి మొదట అప్పగించే పని సాధారణంగా ఒక విద్యుత్ సరఫరా పెట్టె. గోడలోని 230 వోల్టులను ట్రాన్స్‌ఫార్మరు 12 వోల్టులకు దించుతుంది. నాలుగు డయోడ్లు ఆ ఏకాంతర విద్యుత్తును ఒకే దిశకు మళ్ళిస్తవి. పెద్ద కెపాసిటర్ దాని ఎగుడుదిగుడులను సరిచేస్తుంది. చివర 7805 అనే మూడు కాళ్ళ రెగ్యులేటరు సరిగా 5 వోల్టులు ఇస్తుంది. పుస్తకంలో ఇది అర పుట. విద్యార్థి కెపాసిటర్ కొసల వద్ద మీటరు పెట్టి చూస్తాడు. 12 వోల్టులు కనిపించవలసిన చోట 15కు పైగా కనిపిస్తుంది. మీటరు చెడిపోయినదని పక్కవాని మీటరు తెస్తాడు. అదీ అదే చెబుతుంది. అప్పుడు గాని అతనికి తరగతిలో విన్న మాట జ్ఞాపకం రాదు: 12 అన్నది తరంగపు ప్రభావ విలువ, శిఖరం దానికి 1.414 రెట్లు, అనగా దాదాపు 17. కెపాసిటర్ నిండేది శిఖరం వరకే. రెండు డయోడ్లు కలిసి తీసుకొనే 1.4 వోల్టులు పోగా మిగిలినది 15.6. పరీక్షలో ఈ గుణకారాన్ని పదిసార్లు చేసినవాడే; కాని మీటరు ముల్లు చూపేవరకు అది అతనిది కాలేదు.

ఆ వెంటనే రెండవ పాఠం వేలికి తగులుతుంది. 15 వోల్టులు తీసుకొని 5 ఇచ్చే రెగ్యులేటరు తక్కిన పదింటిని వేడిగా మార్చివేస్తుంది. అర ఆంపియరు ప్రవహిస్తే అది సుమారు 5 వాట్ల వేడి. అల్యూమినియపు రెక్క బిగించకుండా దానిని తాకినవాడు ఆ లెక్కను మరల పుస్తకంలో చూచుకోనవసరం ఉండదు. ఎలక్ట్రొలిటిక్ కెపాసిటర్‌ను తిరగవేసి అమర్చి, అది ‘టప్’మని పేలిన శబ్దానికి ఉలిక్కిపడని తరగతి కూడ అరుదు.

తరువాత వచ్చేది రంగుల భాష. రెసిస్టర్ ఒంటిపై విలువను అంకెలలో రాయరు; రంగు పట్టీలు వేస్తారు. నలుపు సున్న, గోధుమ ఒకటి, ఎరుపు రెండు, నారింజ మూడు, పసుపు నాలుగు. ఇట్లు తెలుపు తొమ్మిది వరకు. హిందీ తెలిసినవాడూ, తెలుగు తెలిసినవాడూ, జపాను దేశస్థుడూ దీనిని ఒకే విధంగా చదువుతారు. ఇంతకంటె సులభమైన ఉమ్మడి లిపి మరొకటి ఉన్నదా అనిపిస్తుంది. కాని సాయంకాలం ట్యూబులైటు వెలుగులో ఎరుపుకూ నారింజకూ తేడా కనిపించదు. గోధుమ, నలుపు, ఎరుపు అయితే 1,000 ఓములు. గోధుమ, నలుపు, నారింజ అయితే 10,000. ఒక్క పట్టీ పొరపాటుతో దీపం వెలుగవలసినంత వెలుగదు. కారణం తెలియక రెండు గంటలు గడుస్తవి. అనుభవం గల ప్రయోగశాల సహాయకుడు రంగును నమ్మడు. ప్రతి రెసిస్టర్‌నూ అమర్చే ముందు మీటరుపై పెట్టి చూస్తాడు. ఆయనకు పట్టం ఉండకపోవచ్చు. అయినను మొదటి సంవత్సరంలో ఆయన వద్ద నేర్చినది కొందరు ఆచార్యుల వద్ద నేర్చినదానికంటె ఎక్కువ అని చెప్పే పూర్వవిద్యార్థులు ఉన్నారంటే ఆశ్చర్యం లేదు.

రెండవ సంవత్సరం నాటికి 555 అనే ఎనిమిది కాళ్ళ చిప్పు చేతికి వస్తుంది. దీనిని 1971లో, అమెరికాలో స్థిరపడిన స్విస్ ఇంజనీరు హాన్స్ కామెంజిండ్, సిగ్నెటిక్స్ సంస్థ కోసం రూపొందించినాడు. మొదట అతడు ఆ వలయాన్ని విడివిడి భాగాలతో బల్లమీద కట్టి, పనిచేయించి చూచుకొన్న తరువాతనే చిప్పు నమూనాను తన చేతితో గీసినాడు. తొలి రూపంలో దానికి తొమ్మిది కాళ్ళు కావలసి వచ్చినవి; మరల ఆలోచించి ఎనిమిదికి తగ్గించినాడు. ఇప్పటికీ విద్యార్థులు దానితోనే కాలాన్ని కొలవడం నేర్చుకొంటున్నారు. ఒక రెసిస్టర్, ఒక కెపాసిటర్ చాలు. రెండింటి విలువలను గుణించి, 1.1తో హెచ్చవేస్తే వచ్చేది సెకన్లు. లక్ష ఓములు, 100 మైక్రోఫారడ్లు పెడితే 11 సెకన్లు. గడియారం పట్టుకొని చూస్తే 13.

ఇక్కడే విద్యార్థులు రెండు దారులుగా విడిపోతారు. ఒకడు నివేదికలో 11 అని రాసి ముందుకు సాగుతాడు. గ్రంథంలో ఉన్నది అదే గదా. మరొకడు ఆ రెండు సెకన్లు ఎక్కడి నుండి వచ్చినవని వెదుకుతాడు. ఎలక్ట్రొలిటిక్ కెపాసిటర్‌పై 100 అని ముద్రించినంత మాత్రాన అది 100 కాదు. 20 శాతం అటో ఇటో ఉండే హక్కు తయారుదారుకు ఉన్నది. ఆ హక్కు అతని డబ్బాలోని కెపాసిటర్ వాడుకొన్నది. రెసిస్టర్‌కు కూడ 5 శాతం వెసులుబాటు. ముద్రించిన సంఖ్య ఒక వాగ్దానం కాదు, ఒక హద్దు. ఈ ఒక్క మాట తెలిసిన నాటి నుండి వాని చేతిలో సమీకరణం వేరే వస్తువు అవుతుంది. ఈ 13ను జ్ఞాపకం ఉంచుకొనండి. పొలంలో మరల కనిపిస్తుంది.

ప్రయోగ వలయాలను కట్టే రంధ్రాల పలకను బ్రెడ్‌బోర్డు అంటారు. తొలి రేడియో రోజులలో ఉత్సాహవంతులు ఇంట్లో రొట్టె కోసుకొనే చెక్కపైననే మేకులు కొట్టి భాగాలను బిగించేవారట, పేరు నిలిచిపోయినది. దానిపై తీగలను గుచ్చడం తేలిక. ఊడడం అంతకంటె తేలిక. ప్రదర్శన రోజున బ్రెడ్‌బోర్డు ప్రాజెక్టును బస్సులో ఒడిలో పెట్టుకొని వచ్చే విద్యార్థి ముఖం చూస్తే ఎవరికైనా జాలి కలుగుతుంది. అందుచేత చివరకు సోల్డరింగు తప్పదు. మన కంసాలి మాటు వేసే విద్యకు ఇది తమ్ముడే. తగరం, సీసం 60, 40 పాళ్ళలో కలిసిన తీగ 190 డిగ్రీల సెంటీగ్రేడు లోపుననే పూర్తిగా కరుగుతుంది. కాని కరిగినంత మాత్రాన అతుకు పడదు. తీగనూ రాగి బిళ్ళనూ రెండింటినీ ముందు వేడి చేసి, ఆ వేడికి సోల్డరు దానంతట అది పాకేటట్లు చేయాలి. తొందరపడినవాని అతుకు మెరుపు లేక, గరుకుగా, ముద్దగా నిలుస్తుంది. చూపుకు అతికినట్లే ఉంటుంది. విద్యుత్తు మాత్రం ఒకసారి పోతుంది, ఒకసారి పోదు. పూర్తిగా చెడినదానిని పట్టుకోవడం సులభం. అప్పుడప్పుడు చెడేదానిని పట్టుకోవడమే కష్టం. ఈ మిశ్రమంలో సీసం ఉన్నది గనుక పని ముగిసిన వెంటనే చేతులు కడుగుకొనడం, గది కిటికీలు తెరచి ఉంచడం అవసరమని ప్రతి ప్రయోగశాల గోడపై రాసి పెట్టవలసి ఉన్నది.

నాలుగవ సంవత్సరంలో పెద్ద ప్రాజెక్టు. నలుగురు కలిసి చేయడం వాడుక. విషయాన్ని ఎన్నుకొనడంలోనే వారి అనుభవాల తేడా బయటపడుతుంది. నగరాల నుండి వచ్చినవారు మాట వినే దీపాన్ని, గోడకు తగలకుండ తిరిగే చిన్న బండిని కోరుతారు. ఆరంగ్ కుర్రవానికి తోచేది మోటారు పంపు. ఛత్తీస్‌గఢ్‌ను ‘ధాన్ కా కటోరా’ అంటారు, వడ్ల గిన్నె అని అర్థం. వేసవి వరికి బోరు నీరు కావాలి; కరెంటు ఏ వేళ వస్తుందో, నీరు ఎప్పుడు అడుగంటుతుందో కనిపెట్టుకొని రాత్రివేళ పొలానికి వెళ్ళవలసినవారు ఇంటిలోనే ఉన్నారు. నీరు ఉన్నప్పుడు పంపును నడిపి, లేనప్పుడు ఆపే సాధనం ఒకటి చేయాలని అతని కోరిక. శ్రీకాకుళం మిత్రునికి ఈ కోరిక వివరించి చెప్పనవసరం లేదు. వాని ఇంటి వద్దనూ వరియే, అదే కష్టమే.

బల్లపై ఆ సాధనం మూడు రోజులలో తయారవుతుంది. నీటిలో రెండు తీగలు. నీరు వాటిని తాకితే సన్నని విద్యుత్తు ప్రవహించి ట్రాన్సిస్టర్‌ను మేల్కొల్పుతుంది; ట్రాన్సిస్టర్ 12 వోల్టుల రిలేను లాగుతుంది; రిలే పంపు స్విచ్చిని కలుపుతుంది. గ్లాసులో నీరు పోస్తే ‘టిక్’మని రిలే పలుకుతుంది. అందరూ చప్పట్లు కొడతారు. నిజమైన చదువు అప్పుడు మొదలవుతుంది.

నాలుగైదు సార్లు పలికిన తరువాత రిలే మూగపోతుంది. ట్రాన్సిస్టర్ కాలిపోయినది. కొత్తది వేస్తారు, అదీ పోతుంది. రిలే లోపల ఉన్నది తీగచుట్ట. దానిలో ప్రవాహాన్ని హఠాత్తుగా ఆపితే, ఆగనని మొండికేసి, క్షణంపాటు 12కు ఎన్నో రెట్లు వోల్టులను ఎదురు దిశలో పుట్టిస్తుంది. ఆ దెబ్బను మళ్ళించడానికి చుట్టకు అడ్డంగా ఒక డయోడ్ పెట్టాలి. పుస్తకంలోని బొమ్మలో అది ఉన్నది. పనికిరానిదని తోచి వదిలివేసినారు. ఈసారి పెడతారు, కాని తిరగవేసి. రిలే కదలదు, పైగా సరఫరా పెట్టె వేడెక్కుతుంది. తిరగవేసిన డయోడ్ విద్యుత్తుకు అడ్డదారి అయినది. మూడవసారి సరిగా పెడతారు. రూపాయి, రెండు రూపాయల వస్తువు అది. దానిని ఎందుకు పెట్టాలో ఆ నలుగురూ ఇక మరువరు.

తరువాత దయ్యం పట్టినట్లు మరొక వింత. నీరు లేకపోయినా దీపం మిణుకుమిణుకుమంటుంది. చేయి దగ్గరకు తెస్తే వెలుగుతుంది, దూరం జరిగితే ఆరుతుంది. మైక్రోకంట్రోలరు ఇన్‌పుట్ కాలు ఒకటి ఎటూ కట్టకుండ గాలిలో వదిలిన ఫలితం ఇది. గోడలోని తీగల 50 ఆవృత్తుల రొదను మనిషి శరీరం ద్వారా అందుకొని ఆ కాలు ఊగుతున్నది. ఆ కాలిని 10,000 ఓముల రెసిస్టర్‌తో భూమి తీగకు కట్టివేస్తే దయ్యం వదులుతుంది. దీనిని కనుగొన్నది అర్ధరాత్రి వసతిగృహంలో ఒరియా మాట్లాడే మరొక జట్టు విద్యార్థి అయి ఉండవచ్చు. ప్రాజెక్టు రోజులలో ఒక జట్టు పని ఆగితే పక్క జట్టు తన పని మానివచ్చి తల దూర్చడం వసతిగృహాల మర్యాద. అప్పుడు వారు మాట్లాడుకొనే భాష వినవలసినది. వాక్యం హిందీ, విసుగు తెలుగు, వస్తువుల పేర్లు ఇంగ్లీషు. పారిభాషిక పద సంఘం 1961 నుండి హిందీలో శాస్త్ర పదాలను రూపొందించినది. రెసిస్టర్‌కు ‘ప్రతిరోధక్’, కెపాసిటర్‌కు ‘సంధారిత్ర్’ అన్నవి చక్కని మాటలు. తెలుగులో నిరోధకం అంటున్నారు. గ్రంథాలలో అవి ఉండవలసినవే. 2021లో దేశంలోని 14 ఇంజనీరింగు కళాశాలలు హిందీ, తెలుగు, తమిళం, మరాఠీ, బెంగాలీలలో బోధనకు సిద్ధపడినప్పుడు వాటి అవసరం మరింత పెరిగినది. కాని సోల్డరింగ్ ఐరన్ చేతిలో ఉన్నప్పుడు ఎవ్వరూ ‘సంధారిత్ర్ అందించు’ అనరు.

ఇంతకు సాధనం పొలానికి చేరుతుంది. అక్కడ గ్లాసు లేదు. బోరు ఉన్నది, ఫీడరు చివరి ట్రాన్స్‌ఫార్మరు ఉన్నది. పంపు మోటారు బయలుదేరే క్షణంలో, మామూలుగా నడిచేటప్పటికంటె ఐదారు రెట్ల విద్యుత్తు లాగుతుంది. వోల్టేజి పడిపోతుంది. సాధనానికీ అదే లైను. రిలే పట్టు సడలి మోటారు ఆగుతుంది. మోటారు ఆగగానే వోల్టేజి లేస్తుంది, రిలే మరల లాగుతుంది. గిలక కొట్టుకొన్నట్లు అది టకటకలాడుతుంది. ఒక నిమిషం అట్లే వదిలితే స్విచ్చి కొసలు కాలిపోతవి. పెద్ద కెపాసిటర్ ఒకటి, 555 ఇచ్చే జాప్యం ఒకటి చేర్చాలి: రిలే ఒకసారి విడిస్తే కొన్ని సెకన్ల వరకు మరల లాగకూడదు. రెండవ సంవత్సరపు పాఠం ఇక్కడ పనికి వచ్చినది.

కరెంటు రాగానే పంపును దానంతట అదే నడిపే ఏర్పాటు కూడ చేర్చాలని నలుగురిలో ఒకనికి తోచక మానదు. రైతు రాత్రి నిద్ర చెడదు గదా! ఈ ఉపాయం తెలుగు రైతులకు కొత్త కాదు. ‘ఆటో స్టార్టర్’ పేరుతో బోర్ల దగ్గర వేలాదిగా బిగించబడినది. దాని వెనుక చిక్కు కూడ వారికి తెలిసినదే. విడతలుగా కరెంటు ఇచ్చే చోట, అది వచ్చిన క్షణంలోనే ఊరి పంపులన్నీ ఒక్కసారిగా లేస్తే ట్రాన్స్‌ఫార్మరు తట్టుకోలేదు. 24 గంటలూ కరెంటు ఉంటే పంపు ఆగదు. భూగర్భజలం వృథాగా పోతుంది. అందుకే తెలంగాణలో 2018 జనవరి 1 నుండి వ్యవసాయానికి నిరంతర విద్యుత్తు ప్రారంభించేముందు, ఆటో స్టార్టర్లు తొలగించుకోవలసినదిగా ప్రభుత్వం రైతులను కోరినది. ఒక్క పొలానికి మేలు చేసే యంత్రం ఊరంతటికీ కీడు చేయగలదన్న సంగతి ఏ సర్క్యూట్ బొమ్మలోనూ కనిపించదు. శ్రీకాకుళం విద్యార్థి ఇంటికి ఫోను చేసి అడిగితే గాని, ఆరంగ్ విద్యార్థి తన పొరుగు రైతుతో మాట్లాడితే గాని తెలియదు.

ఇక్కడ ఆ 13 సెకన్లు తిరిగి వస్తవి. ఒకే లెక్కతో పది సాధనాలు చేసి పది పొలాలకు ఇచ్చినా, కెపాసిటర్ల వెసులుబాటు వలన ఒకటి 10 సెకన్లకు, మరొకటి 12కు, ఇంకొకటి 13కు మేల్కొంటుంది. పంపులు ఒకదాని వెనుక ఒకటి లేస్తవి. బల్లపై లోపంగా తోచినది పొలంలో కొంత సాయం చేసినది. దానినే కావాలని పెంచి, ఒక్కొక్క సాధనానికి వేరువేరు జాప్యం అమర్చడం ఇంజనీరు చేయవలసిన తదుపరి పని.

కొన్ని వారాల తరువాత సాధనం మరల మొరాయిస్తుంది. నీటిలోని రాగి తీగలలో ఒకటి పచ్చబడి, సన్నబడి, తెగిపోయినది. ఒకే దిశలో విద్యుత్తు పంపుతూ ఉంటే నీటిలో రాగి కరిగిపోతుందని వారు బడిలోనే చదివినారు. విద్యుత్తుపూత పాఠం అదే. ఎలక్ట్రానిక్స్ గదిలో ఆ పాఠం ఎవ్వరికీ గుర్తు రాలేదు. దిశ మార్చుతూ విద్యుత్తు పంపడం ఒక మార్గం. నిమిషానికి ఒక్కసారి, లిప్తకాలం మాత్రమే నీటిని పలుకరించడం మరొకటి. పాత టార్చిలైటు బ్యాటరీ పగులగొట్టి, అందులోని బొగ్గు కడ్డీని రాగికి బదులు వాడడం మూడవది. ఈ చివరిది చాల చవక.

ఇంత శ్రమకు బదులు మరొక మార్గం ఉన్నది. పెద్ద నగరాలలో ప్రాజెక్టులను చేసిపెట్టి అమ్మే దుకాణాలు ఉన్నవి. హైదరాబాదులోని అమీర్‌పేట ఈ విషయంలో దేశవ్యాప్తంగా పేరు పొందినది. డబ్బు కట్టితే పెట్టె, నివేదిక, సమాధానాల పట్టిక కూడ వస్తవి. నల్ల అట్టపై బంగారు అక్షరాలతో విద్యార్థి పేరు ముద్రించబడి ఉంటుంది. కొనేవారందరూ సోమరులని అనడం న్యాయం కాదు. సాయంకాలం ఐదు గంటలకు తాళం పడే ప్రయోగశాల, నలభైమందికి రెండు ఆసిలోస్కోపులు, ఉద్యోగ పరీక్షలూ ప్రాజెక్టూ ఒకే నెలలో వచ్చి పడే పంచాంగం: వీటి మధ్య విద్యార్థి కొనడమే తెలివి అనుకొంటే ఆ తప్పులో పెద్దలకూ వాటా ఉన్నది. పైగా కొన్న పెట్టె తప్పక పనిచేస్తుంది; స్వయంగా చేసినది ప్రదర్శన రోజున మొరాయించవచ్చు. పనిచేసే పెట్టెకే మార్కులు వేసే పద్ధతి ఉన్నంతకాలం, నిజాయితీగా చేసినవాడు నష్టపోయే ప్రమాదం ఉండనే ఉన్నది.

కొనుగోలు వలన పోయేది డబ్బు కంటె పెద్దది. దేశంలో ఎలక్ట్రానిక్స్ ఎట్లు పాదుకొన్నదో చూస్తే ఆ సంగతి తెలుస్తుంది. 1966లో కలకత్తాలో జాదవ్‌పూర్ విశ్వవిద్యాలయమూ భారతీయ గణాంక సంస్థా కలిసి ఇసిజు-1 అనే ట్రాన్సిస్టర్ల కంప్యూటరును సొంతంగా నిర్మించినవి. పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లులో పుట్టిన అయ్యగారి సాంబశివరావు, 1956లో పనిచేయ నారంభించిన అప్సర అణురియాక్టరుకు ఎలక్ట్రానిక్ నియంత్రణ సాధనాలను దేశంలోనే తయారుచేసిన బృందాన్ని నడిపినారు. ఆయన సారథ్యంలో 1967లో హైదరాబాదులో ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఏర్పడినది. తరువాత అక్కడ టి.డి.సి. కంప్యూటర్లు తయారైనవి. విడిభాగాలు దొరకని ఆ రోజులలో వారు ఎన్ని అతుకులు విప్పి మరల వేసినారో లెక్క ఎవరూ రాసి పెట్టలేదు.

ఇటీవలి ఉదాహరణ విద్యార్థులదే. 2010 జూలై 12న శ్రీహరికోట నుండి లేచిన పి.ఎస్.ఎల్.వి.-సి15 రాకెట్టు మోసుకుపోయిన వాటిలో స్టుడ్‌శాట్ ఒకటి. బరువు కిలోగ్రాముకు లోపు. బెంగుళూరు, హైదరాబాదు ప్రాంతాలకు చెందిన 7 ఇంజనీరింగు కళాశాలల విద్యార్థులు దానిని నిర్మించినారు. కన్నడిగులూ తెలుగువారూ ఒకే పెట్టెను పంచుకొని చేసిన పని అది. పొలంలోని సాధనం చెడితే గట్టున కూర్చొని విప్పి చూడవచ్చు. కక్ష్యలోని పెట్టె చెంతకు సోల్డరింగ్ ఐరన్ తీసుకొని ఎవరూ పోలేరు. అందుచేత చెడగల ప్రతి అతుకునూ ముందే ఊహించాలి. ఎన్నో అతుకులు చెడగొట్టుకొన్న చేతులకే ఆ ఊహ వస్తుంది.

మార్గాలు లేకపోలేదు. పెట్టెతో పాటు రోజువారీ నోటుపుస్తకానికి మార్కులు వేయవచ్చు: ఏ తేదీన ఏది చెడినది, ఎందుకని అనుకొన్నారు, చివరకు కారణం ఏమిటి. దుకాణం నివేదికను అమ్మగలదు గాని, కాలిపోయిన రెండు ట్రాన్సిస్టర్ల దినచర్యను నమ్మదగినట్లుగా అమ్మడం కష్టం. పరీక్షల ముందు నెలలో ప్రయోగశాలను రాత్రి తొమ్మిది వరకు తెరచి ఉంచడానికి పెద్ద వ్యయం కాదు; విద్యార్థినులు కూడ అప్పటివరకు ఉండి పనిచేసుకొనేటట్లు వసతిగృహం వరకు వాహనం ఏర్పాటు చేయాలి. పాత పరికరాలను విప్పి, పనికివచ్చే భాగాలను డబ్బాలలో వేరుచేసి పెడితే, రాయపూర్ బజారుకు వెళ్ళే బస్సు ఛార్జీ కూడ మిగులుతుంది.

బయటి నుండి వచ్చే పరీక్షకుడు కూడ చేయగలిగినది ఉన్నది. నివేదిక పుటలు తిప్పడం మాని, ఆయన పెట్టెలోని ఒక తీగను పీకి, ‘ఇప్పుడు ఏమి జరుగుతుంది?’ అని అడగవచ్చు. లేదా జేబులోని గడియారం చూచుకొంటూ, ‘నివేదికలో 11 సెకన్లు అని ఉన్నది, ఇది 13 పట్టినదేమి?’ అనవచ్చు. కొన్నవాడు, ‘లెక్క ప్రకారం 11 అండీ’ అని మరల లెక్క చూపిస్తాడు. చేసినవాడు కెపాసిటర్ వైపు వేలు చూపిస్తాడు.